రేచన పాదపూజ

రాజుగారి పాత నగలు శుద్ధిచేసే పని కంసాలి గవరమ్మది. ఇంటి పెరట్లోనే నగల్లోని కల్తీని ద్రావకంలో కరిగించి, బంగారప్పొడి అడుక్కి దిగేదాకా తేరనిచ్చి, పైనీళ్ళు వంచేసి, మిగిలిందే గుడ్డలో వడగట్టేది. ఆ పొడిని వసారాలో ఆరబెట్టేది. తేరకముందే వడగడితే గుడ్డ పూడిపోయి, పొద్దుగూకినా చుక్క దిగదు.

బొక్కసాధికారి రేచన రోజూ పల్లకీలో తనిఖీకి వచ్చేవాడు. పగుళ్ళని చెప్పి అరికాళ్ళకి దిట్టంగా ఆముదం పట్టించుకుని, ఆ పొడిలోనే అటూ ఇటూ తిరుగుతూ, వడగట్టడమెలాగో గవరమ్మకే పాఠం చెప్పి, మళ్ళీ పల్లకీ ఎక్కేవాడు. తూకం వేస్తే ఎప్పుడూ తరుగే.

ఒకనాడు తనిఖీ కాగానే ఆవిణ్ణి నేరుగా సభకి ఈడ్పించాడు.

"మీ బంగారం ఈవిడే కాజేస్తోంది. గుడ్డ కారిందంటుంది, నమ్మకండి ప్రభూ. చేతులు నరికించండి."

గవరమ్మ దణ్ణం పెట్టింది. "నా గుడ్డ కారదని ఇక్కడే వడగట్టి చూపిస్తాను ప్రభూ. నీళ్ళు మాత్రం పవిత్రమైనవి కావాలి. ఈ మహానుభావుడి కాళ్ళు కడిగే భాగ్యం ఇప్పించండి."

రేచన వద్దనబోయాడు. "పాదపూజ కాదంటారేమిటండీ?" అన్నారు రాజుగారు. చేసేదిలేక కాళ్ళు పళ్ళెంలో పెట్టాడు.

గవరమ్మ కుంకుడు రసంతో జిడ్డు వదిలేలా తోమింది. నీళ్ళు తేరనిచ్చి వడగట్టింది. గుడ్డలో చిటికెడు బంగారం మిగిలింది.

"ఈయన కాళ్ళు నేలకి ఆనవంటే గర్వమనుకున్నాం ప్రభూ," అంది గవరమ్మ గుడ్డ పిండుతూ. "పాపం, రాలిపోతుందని భయం."