ఎంత గుంజుతది

చెన్నకేశవులు తెచ్చిన జీపు నాలుగు రోజులుగా ఆశ్రమం గుట్ట కింద నిలబడి ఉంది. గురువు భద్రాచారి దాన్ని ఒక్కసారి చూశారు. ఎక్కలేదు, బానెట్ తెరవమనలేదు, బాగుందని గానీ బాగాలేదని గానీ చెప్పలేదు. "ఊఁ" అన్నారు.

ఆ "ఊఁ" కేశవులుకు అన్నం సహించకుండా చేసింది.

భద్రాచారికి డెబ్బై ఆరేళ్ళు. అచల బోధ అనే గురుమార్గంలోకి రాకముందు ముప్పై ఏళ్ళు ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి. నల్లమల అవతల ఇరవై రెండు ఊళ్ళలో ఆయనకు శిష్యులున్నారు. ప్రతి ఎండాకాలం బస్సుల్లో తిరిగి అందరినీ చూసి వచ్చేవారు. నిరుడు తుంటి ఎముక విరిగింది. ఇక బస్సు మెట్లు ఎక్కడం కుదరదన్నారు డాక్టర్లు. శిష్యులంతా కలిసి ఆయనకో చక్రాల ఇల్లు కట్టించారు. రేకు గోడలు, లోపల మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, పుస్తకాల అర. దానికి ఇంజను లేదు. ఏదో ఒక వాహనం వెనక తగిలించి లాక్కుపోవాలి. సామానుతో సహా ధర్మకాంటా మీదికి ఎక్కిస్తే ఇరవై ఏడు క్వింటాళ్ళు తూగింది.

లాగే వాహనాన్ని ఎంచే పని కేశవులుకు అప్పజెప్పారు. అతనికి కాక ఇంకెవరికి అప్పజెప్తారు? ఆశ్రమానికి రాకముందు పదకొండేళ్ళు ట్రాక్టర్ల షోరూంలో అమ్మకాలు చూసినవాడు. షోరూం గడప తొక్కిన ప్రతి రైతూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఎంత గుంజుతది?" ఆ ప్రశ్నకు జవాబు కేశవులు నిద్రలోనూ చెప్పగలడు.

నలభై రోజులు తిరిగాడు. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు దాకా పద్దెనిమిది బండ్లు చూశాడు. ఒక్కోదానికీ ఇటుకలు నిండిన ట్రాలీ తగిలించి రైల్వే వంతెన ఎక్కించి చూశాడు. కొన్ని మధ్యలో మూలిగాయి. ఒకటి ఆగిపోయింది. ఈ జీపు ఒక్కటే రెండో గేరులో పాట పాడుకుంటూ ఎక్కింది. చూడ్డానికి చిన్నది, పదిహేను క్వింటాళ్ళు కూడా ఉండదు. బలం మాత్రం ట్రాక్టరుకు తీసిపోదు.

తెచ్చిన రోజు గురువుతో అదే చెప్పాడు.

"వెనక ఇల్లు ఉన్నట్టు కూడా తెల్వది గురువుగారూ."

"తెల్వదా?"

"అసలే తెల్వది."

"ఊఁ."

నాలుగో రోజు పొద్దున ఒక పాత లారీ వచ్చి జీపు పక్కన ఆగింది. పశువుల దాణా వేసుకుని అంగళ్ళు తిరిగే సాయిలుది. ముందరి అద్దం మీద అడ్డంగా పగులు. క్యాబిన్ నిండా తవుడు వాసన. సాయిలు కిందికి దిగి, బీడీ ముట్టించి, జీపు చుట్టూ తీరిగ్గా ఒక చుట్టు తిరిగాడు.

"బాగున్నది షోరూం సారూ. పెండ్లికా?"

కేశవులు జీపు బానెట్ మీది దుమ్ము తుడిచాడు.

"అచలం అంటే కదలనిది అంటరు గదా. కదలని స్వామికి కదిలే ఇల్లెందుకన్నా?"

"నువ్వెందుకొచ్చినవో చెప్పు."

"స్వామి కబురు పెట్టిండు. మంగళారం ఇల్లు గుంజాలన్నడు. నల్లమల ఎక్కి అవతలి ఘాటు రోడ్డు దిగాలె గదా."

కేశవులు లారీ టైర్లనూ పగిలిన అద్దాన్నీ చూశాడు. తరవాత అడిగాడు.

"ఇది ఎంత పోతది?"

"నలభై. ఎనక గాలొస్తే నలభై రెండు."

"నిండు లోడుతో ఘాటు ఎక్కుతదా?"

"ఎక్కుతది. నడుమ ఒకసారి చల్లార్పాలె. నువ్వు నా పక్కన కూసో, కబుర్లు చెప్పుకుంట పోదం."

పక్కన కూర్చోవాలి. నలభై రోజులు తిరిగినవాడు, బండిని ఎంచినవాడు, తవుడు బస్తాల మధ్య క్లీనర్‌లా కూర్చోవాలి. అయినా దానికంటే ఎక్కువ మండింది మరొకటి. వద్దనుకుంటే ఆ మాట తన ముఖం మీద చెప్పొచ్చు. తనకు చెప్పలేదు. దాణా లారీ వాడికి కబురు పెట్టారు.

కేశవులు గుట్టెక్కి తన గదిలోకి వెళ్ళి రెండు జతల బట్టలు, దువ్వెన, షోరూం వాళ్ళు ఇచ్చిన జ్ఞాపిక సంచిలో పెట్టుకున్నాడు. ఆరేళ్ళ ఆశ్రమం ఒక చేతి సంచిలో సరిపోయింది. సంచి భుజాన వేసుకుని గురువు ముందుకొచ్చాడు.

భద్రాచారి వరండాలో కూర్చుని ఊతకర్రకు రబ్బరు తొడుగు బిగిస్తున్నారు.

"సాయిలును పిలిపించిన్రట."

"పిలిపించిన."

"జీపుల ఏం తక్కువున్నది గురువుగారూ? ఒక్కటి చెప్పండి. ఇంజను తక్కువా, బలం తక్కువా? నేను పదకొండేండ్లు ఇదే పని చేసిన. నా మాట మీద మూడొందల ట్రాక్టర్లు పొలాల్లకు పోయినయి. ఒక్కరు తిరిగొచ్చి ఇది గుంజలేదు అనలేదు."

"అనరు."

"మరి ఊఁ అంటె ఏమిటి? నా మీద నమ్మకం లేకుంటే ఆ మాటే చెప్పండి. ఈ పూటే పోత."

భద్రాచారి తొడుగు బిగించడం పూర్తి చేశారు. కర్ర నేలకు ఆనించి గట్టిగా ఉందో లేదో చూసుకున్నారు.

"పోదువుగానీ. కింద రెండు సిమెంటు బస్తాలు పడి ఉన్నయి. చేతిబండి మీద పైకి తే. బండి పక్కన ఒక తుమ్మ మొద్దు ఉంటది, అది గూడ ఎయ్యి."

ఆ చేతిబండి భద్రాచారి సొంతంగా చేసినదే. రెండు చక్రాలు, ముందు రెండు నొగలు, మధ్యలో మనిషి నిలబడి లాగాలి. మొద్దుకు ఒక కొసన తాడు కట్టి ఉంది. ఆ తాడు రెండో కొస బండి ఇరుసుకు ముడివేసి ఉంది. ఎందుకని కేశవులు అడగలేదు. అడిగేంత ఓపిక అతనికి లేదు. సంచి వరండాలో పెట్టి, కిందికి దిగి, బస్తాలూ మొద్దూ ఎక్కించి, నొగలు పట్టుకుని గుట్టెక్కాడు.

కోపం చాలా దూరం లాగింది. మూడు మలుపుల్లో ఎక్కడా ఆగలేదు. కింద సాయిలు చూస్తున్నాడని తెలుసు, అందుకే ఇంకొంచెం వేగంగా నడిచాడు. పైకి చేరేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది గానీ ముఖంలో పోయిన కళ తిరిగి వచ్చింది.

"మంచిగ గుంజినవు," అన్నారు భద్రాచారి. "వెనక బస్తాలున్నట్టు తెలిసిందా?"

"లేదు."

"సరే. ఇప్పుడు నన్నెక్కించు."

"మిమ్మల్నా?"

"ఇది నా ఇల్లనుకో. నేను లోపల కూసున్న. దించు."

కేశవులు వద్దన్నాడు. తుంటి గురించి చెప్పాడు. డాక్టరు పేరు కూడా చెప్పాడు. భద్రాచారి అప్పటికే బండి అంచు పట్టుకుని నిలబడ్డారు. చివరకు ఎత్తి బస్తాల మీద కూర్చోబెట్టక తప్పలేదు. ఆయన వెనక్కి తిరిగి, కాళ్ళు చాపి, మొద్దు పక్కన సర్దుకున్నారు.

మొదటి ఇరవై అడుగులు కేశవులు నడిచాడు. తరవాత ఇరవై అడుగులు వడివడిగా నడిచాడు. మొదటి మలుపు దగ్గర నడుస్తున్నది తాను కాదని తెలిసింది. బండి అతని నడుముకు ఆనుకుని తోస్తోంది. మడమలు తన్నిపట్టాడు. కంకర జారింది. మళ్ళీ తన్నిపట్టాడు, చెప్పు ఒకటి ఊడిపోయింది. తొడల్లో ఉన్న బలమంతా ఉంది, ఎక్కేటప్పుడు ఉన్నంతా ఉంది. అది ఇప్పుడు ఎందుకూ పనికిరావడం లేదు.

రెండో మలుపు అతను తిప్పలేదు. బండే అతన్ని తిప్పింది. ఒక చక్రం అంచు మీదికి వెళ్ళి వచ్చింది. పక్కకు దూకితే తాను బతుకుతాడు, బండి లోయలోకి పోతుంది. గురువును దూకమందామంటే ఆ తుంటితో ఎలా దూకుతారు? సీతాఫలం పొదలు, వాటి వెనక రాళ్ళు, మూడో మలుపు. అన్నీ మీదికొస్తున్నాయి.

"అయ్యా, నాతోని కాదు."

ఆరేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

వెనక ఏదో దొర్లిన చప్పుడు. భద్రాచారి కాలితో మొద్దును కిందికి నెట్టారు. తాడు బిగిసింది. మొద్దు కంకరను దున్నుకుంటూ బండి వెంట ఈడ్చుకొచ్చింది. నడుము మీద తోపు తగ్గింది. పరుగు నడకయింది, నడక ఆగింది. మూడో మలుపు రాయికీ కేశవులు మోకాలికీ మధ్య జానెడు జాగా ఉంది.

కింద నుంచి సాయిలు బీడీ పారేసి పరుగెత్తుకొస్తున్నాడు.

కేశవులు నొగలు వదల్లేదు. వేళ్ళు విడవడం లేదు. భద్రాచారి బండి మీదే కూర్చుని, ఊతకర్ర చేతికి అందుతుందా అని చూసుకుంటున్నారు. ఆయనకు కూడా ఊపిరి కొంచెం ఎగబోసింది.

"ఎక్కేటప్పుడు నువ్వు పెద్ద," అన్నారు. "దిగేటప్పుడు అది పెద్ద."

తరవాత, కాసేపటికి, "ఊఁ" అన్నారు.

సాయిలు వచ్చి బండి నొగలు పట్టుకున్నాడు. అప్పుడు కేశవులు చేతులు తీశాడు. ఊడిన చెప్పు కోసం పైకి వెళ్ళలేదు. వరండాలో ఉన్న సంచి కూడా గుర్తు రాలేదు. ఒంటి చెప్పుతోనే గుట్ట దిగి, జీపును దాటుకుని, లారీ దగ్గర ఆగాడు. వంగి చక్రాల వెనక ఉన్న బ్రేకులు చూశాడు. ఆ తరవాత అవతల నిలిపి ఉన్న గురువు రేకుల ఇంటి దగ్గరికి వెళ్ళి దాని చక్రాల వెనక కూడా వంగి చూశాడు. అక్కడ ఇరుసు తప్ప ఏమీ లేదు.

సాయిలు గురువును నెమ్మదిగా నడిపించుకుని వచ్చేదాకా అక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు.

"సాయిలన్నా."

పొద్దుటి నుంచి అతన్ని ఆ వరసతో పిలవడం అదే మొదలు.

"నీ లారీ నలభై పోతది అంటివి గదా."

"అంటి. అంతకంటే పోదు, ముందే చెప్పిన."

"పోకుంటే మానె," అన్నాడు కేశవులు. "ఎంతల ఆగుతది?"