రోకలిబండ చుట్టిన సున్న

ఒకప్పుడు రోకలిబండ పురుగులు చీపురుపుల్లల్లా తిన్నగా ఉండేవి. ఎవరు ముట్టుకున్నా, ఎవరు పొడిచినా, తిన్నగానే నడిచిపోయేవి. ఒళ్ళు వంచడమన్నదే వాటికి తెలీదు.

ఆ రోజుల్లో ఒక వేరుశనగ చేని గట్టు మీద చిట్టిబండ అనే కుర్ర రోకలిబండ ఉండేవాడు. తొలకరి పడిన పొద్దున వాడు ఒక మట్టిగడ్డ ఎక్కి, చేనంతా వినబడేలా అరిచాడు.

"వినండహో! ఈ భూమ్మీద నాకున్నన్ని కాళ్ళు ఎవరికీ లేవు! అచ్చంగా వెయ్యి!"

కింద తడిమట్టిలోంచి వానపాము మావయ్య తల బయటపెట్టాడు.

"లెక్కపెట్టుకున్నావురా అల్లుడూ?"

"ఓ! పెట్టుకున్నాను."

"వెయ్యి దాకా?"

"పది దాకా," అన్నాడు చిట్టిబండ గొంతు తగ్గించి. "ఆపైన నాకు అంకెలు రావు. కానీ చూట్టానికి వెయ్యిలాగే ఉన్నాయి కదా మావయ్యా?"

మావయ్యకి నవ్వొచ్చింది. అది చూసి చిట్టిబండకి కొంటెతనం పుట్టింది. మట్టిగడ్డ దిగి, బురద మీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగాడు. కాళ్ళ ముద్రలతో ఇంత పెద్ద సున్న పడింది.

"ఇదిగో, నీ కాళ్ళు ఇన్ని! సున్న మావయ్యా! సున్న మావయ్యా!"

"సున్నంటే అంత చులకనా? నీకొచ్చిన లెక్కల్లో పెద్దది పది. ఆ పదిలో సగం సున్నే కదరా!"

చిట్టిబండ వెంటనే మెత్తగా కుళ్ళిన ఆకుముక్క ఒకటి ఈడ్చుకొచ్చి మావయ్య ముందు పెట్టాడు. వెక్కిరించడం ఎంతిష్టమో, మావయ్యకి తినిపించడమూ వాడికి అంతే ఇష్టం.

సరిగ్గా అప్పుడే, టపటపమంటూ గోరింకమ్మ దిగింది.

గోరింకమ్మకి ఒక పట్టింపు ఉంది. చిన్నప్పుడు పురుగే అనుకుని పాముపిల్లని పొడిచి, చావు తప్పించుకుంది. ఆ భయం కొద్దీ కాళ్ళు కనబడితేగాని ఏ పురుగునీ తినదు. అందుకే మావయ్య వైపు కన్నెత్తి చూడలేదు.

"వెయ్యి కాళ్ళని అరిచింది ఎవరమ్మా?" అంది తియ్యగా. "వింటుంటేనే నోరూరింది!"

చిట్టిబండ వెనక్కి జరిగాడు. "అ... అన్ని లేవు గోరింకమ్మా. పది దాకానే తెలుసు."

"పాపం, అంకెలు రావా నాన్నా? నేను నేర్పిస్తాలే. ఒక్కో కాలూ తింటూ పైకే లెక్కపెడతాను."

పారిపోదామంటే ఆ కాళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కదలాలి. అవి కదిలేలోగా గోరింక భోంచేసి చెయ్యి కడుక్కుంటుంది!

మావయ్యకి ఉపాయం తట్టింది, కానీ చెప్పడమెలా? పిట్టలకీ పురుగులకీ ఆ రోజుల్లో ఒకటే భాష. గుసగుసలాడినా గోరింక వింటుంది.

మావయ్య గబగబా బయటికి పాకి, చిట్టిబండ కళ్ళ ముందు తలా తోకా కలిపి గుండ్రంగా పడుకున్నాడు.

గోరింక పకపకా నవ్వింది. "నువ్వు సున్నవని నాకు తెలుసులేవయ్యా! పక్కకి జరుగు."

చిట్టిబండకి ఏడుపొచ్చింది. 'నేను చావబోతుంటే మావయ్య వెక్కిరింతకి బదులు తీర్చుకుంటున్నాడా?'

మావయ్య కదల్లేదు. ఆ చుట్టని ఇంకాస్త బిగించాడు. బిగించి, చిట్టిబండ వంకే చూశాడు.

అప్పుడు వెలిగింది వాడికి! గోరింక మావయ్యని దాటుకుంటూ వచ్చింది. ముట్టుకోలేదు. సున్నని ఎవరూ తినరు!

చిట్టిబండ తల లోపలికి ముడిచాడు. కాళ్ళన్నీ కడుపులోకి దాచాడు. ఎన్నడూ వంగని ఒంటిని వంచి, వంచి, గట్టిగా చుట్టేశాడు.

గోరింక వంగి చూసింది. "ఇప్పుడే ఇక్కడున్నాడే! ఇదేంటి, ఎవరి చొక్కా బొత్తామో!"

ముక్కుతో అటు దొర్లించింది. ఇటు దొర్లించింది. "కాళ్ళా... సున్న. పోనీ, గింజేమో?" అని ముక్కున కరుచుకుంది.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

"థూ! థూ థూ!"

గోరింక వాణ్ణి ఉమ్మేసి, ముక్కుని గడ్డికేసి రుద్దుకుని రుద్దుకుని, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

చాలాసేపటికి చుట్ట విప్పి చిట్టిబండ అన్నాడు, "మావయ్యా! ఇక నిన్నెప్పుడూ వెక్కిరింతకి సున్న అనను. మర్యాదకే అంటాను."

"రెంటికీ తేడా నాకెలా తెలుస్తుందిరా?"

"మర్యాదకైతే చివర 'గారూ' ఉంటుంది, సున్న మావయ్యగారూ!"

సాయంత్రానికి చేలో రోకలిబండలన్నీ వచ్చి చిట్టిబండ దగ్గర సున్న చుట్టడం నేర్చుకున్నాయి. వాడు పెద్ద పంతులైపోయాడు.

అందరూ వెళ్ళాక మావయ్య మెల్లిగా అడిగాడు. "అంతా బాగుందిరా. కానీ గింజనుకుని నోట పెట్టుకున్న గోరింక ఎందుకు ఉమ్మేసింది?"

"నా తెలివికి భయపడి!"

"తెలివికి ఇంత కంపుంటుందా? ఇంకా కొడుతోంది."

చిట్టిబండ గబగబా ఒళ్ళు తడిమట్టికేసి రుద్దుకున్నాడు.

అప్పటినుంచే రోకలిబండని వేలితో ముట్టుకుంటే చాలు, కాళ్ళన్నీ దాచేసి సున్న చుట్టేస్తుంది. వద్దన్నా వినకుండా దాన్ని చేతిలోకి తీసుకున్నారనుకోండి, అరచేతిలో పచ్చటి మరకా, ఘాటైన వాసనా మిగులుతాయి. అదేమిటో రోకలిబండలు ఎవరికీ చెప్పవు. చిట్టిబండ ఒక్క మావయ్యకే, అటూ ఇటూ చూసి, చెప్పాడు.

"సున్న చుట్టింది తెలివితోనే మావయ్యగారూ, ఒట్టు! కాకపోతే... చుట్టాక లోపలంతా చీకటి కదా... భయమేసి ఉచ్చ పోసేసుకున్నాను."