కొండమ్మ పక్కన పెట్టిన గింజలు

సౌభాగ్యమ్మగారిని సందేహం అడిగితే జవాబు దొరకడం అరుదు, పని దొరకడం మాత్రం ఖాయం. ముప్పై ఏళ్ళుగా పొగాకు షెడ్ల పక్కన బాలబడి నడుపుతున్న మనిషి ఆవిడ. ఆకు గ్రేడింగుకి వచ్చే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని ఆవిడ వాకిట్లో దింపి, ఘాటు తగలకుండా కొంగు ముక్కుకి చుట్టుకుని షెడ్లలోకి వెళ్ళిపోతారు. మళ్ళీ సాయంత్రం దాకా ఆ పిల్లలకి ఆవిడే దిక్కు. పని నేర్చుకోడానికి ఆవిడ దగ్గరికి ఏడాదికొక అమ్మాయి వస్తుంది. ఏడాది తిరిగి వెళ్ళిపోతూ, కొత్తగా వచ్చిన అమ్మాయి చెవిలో ఒక్క మాట వేసి పోతుంది: “పెద్దావిణ్ణి ఏమీ అడక్కు తల్లీ. అడిగితే చేతికి చీపురొస్తుంది.”

ఆ ఏడు వచ్చిన అమ్మాయి పేరు హైమావతి. ఆ మాట చెవినేసుకుని మొదట్లో చాలా జాగ్రత్తగానే ఉంది. కానీ మార్చి నెల వచ్చేసరికి మనిషి అలిసిపోయింది. సౌభాగ్యమ్మగారి పద్ధతి ప్రకారం ఒకటో తరగతికి వెళ్ళేదాకా పిల్లల చేతికి పలక ఇవ్వకూడదు. లెక్కలైనా అక్షరాలైనా చేతుల్లోంచే లోపలికి పోవాలంటుంది. నేల మీద సుద్దతో ‘అ’ రాస్తే పిల్లలు ఆ గీత వెంట చింతగింజలు పేర్చాలి. ఇసక పళ్ళెంలో వేలితో ‘ల’ చుట్టాలి. పిడికెడు గింజలు పోస్తే ఒక్కొక్కటే జరుపుతూ లెక్క చెప్పాలి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, చేయించేవాళ్ళకి మాత్రం నడుములు పడిపోతాయి. ముప్పైరెండు మంది పిల్లలు. పేర్చినవి పేర్చినట్టే చెదరగొడతారు, చెదిరినవి చాపల కిందికి పోతాయి, అక్కణ్ణించి ఏరుకురావాలి. ముక్కులో గింజ పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని తుమ్మించడం కూడా లెక్కల పాఠంలో భాగమేనని హైమావతికి శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఎలాగో ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఒక్క పిల్లని. ఆ పిల్ల పేరు మాలకొండమ్మ, అందరూ కొండమ్మ అంటారు. కొత్త షెడ్డులో పని దొరికిందని తల్లి ఆదెమ్మ ఈ పక్కకి వచ్చి ఇరవై రోజులైంది. కొండమ్మ బాలబడికి రావడమూ అప్పటినుంచే. నోట్లోంచి ఒక పట్టాన మాట రాని పిల్ల. హైమావతి పది గింజలు పోసి “ఎన్నున్నాయే?” అంటే, కాసేపు వాటిని వేళ్ళతో నలిపి, మూడు పక్కకి తోసి, “ఏడు” అంటుంది. “అన్నీ లెక్కపెట్టాలమ్మా, పది” అని హైమావతి ఆ మూడూ వెనక్కి తోస్తే, మళ్ళీ పక్కకి తీసి “ఏడు” అంటుంది. ఇంకో రోజు ఎనిమిది పోస్తే “ఆరు” అంది. అక్షరాలూ అంతే. అందరికీ ఇచ్చినట్టే తనకీ పిడికెడు గింజలిస్తే, అందులో కొన్ని పక్కన పడేసి మిగిలినవాటితో మొదలుపెడుతుంది. ‘అ’ సగం చుట్టు తిరిగేసరికి గింజలు అయిపోతాయి. ఇక అక్కడికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పక్కన అన్ని గింజలు పడి ఉన్నా వాటి జోలికి పోదు.

హైమావతి బుజ్జగించింది, కసిరింది, చెయ్యి పట్టుకుని తానే పేర్పించింది. ఆఖరికి విసుగొచ్చి ఆ ఐదేళ్ళ పిల్లని మూడేళ్ళ పిల్లల వరసలో కూర్చోబెట్టింది. అక్కడా అదే తంతు. రాయిని కరిగించడానికి కూర్చున్నట్టుగా ఉంది ఆమె బతుకు.

తెల్లారితే జాబితా పంపాలి. ఐదు నిండిన పిల్లల్లో ఎవరు ఒకటో తరగతికి సిద్ధం, ఎవరు కాదు అని రెండు వరసల్లో పేర్లు రాసి పై ఆఫీసుకి పంపడం ఏటా ఉన్నదే. ఈసారి ఆ పని సౌభాగ్యమ్మగారు హైమావతికే అప్పగించింది. కొండమ్మ పేరు రెండో వరసలో పడితే ఏమవుతుందో హైమావతికి తెలుసు. ఆదెమ్మ ముందురోజే వాకిట్లో నిలబడి చెప్పింది: “బళ్ళోకి తీసుకుంటే పంపిస్తా టీచరమ్మా. లేదంటే ఇంటికాడే ఉండనీండి. చంటోడి ఉయ్యాల ఊపే దిక్కులేక చస్తన్నా.” ఉయ్యాల దగ్గర కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడడం ఆ షెడ్ల చుట్టుపక్కల జరిగే పని కాదు. ఆ సంగతీ హైమావతికి తెలుసు. తెలిసీ పొద్దున ఆ పేరు రెండో వరసలోనే రాసింది. రాసినప్పటినుంచీ అన్నం సయించలేదు.

మధ్యాహ్నం పిల్లలు తిని చాపల మీద పడుకున్నాక, గింజలు ఊడవడానికి చీపురు పట్టుకుని ఆమె సౌభాగ్యమ్మగారి ముందు ఆగింది. పెద్దావిడ గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

“అమ్మగారూ, ఒక పిల్లకి ఎన్నిసార్లు చెప్పాక ఇక చెప్పడం మానేయొచ్చు?”

సౌభాగ్యమ్మగారు కళ్ళు తెరవలేదు. “ఎవరికి?”

“కొండమ్మకి. ఇరవై రోజులయింది. నా వల్ల కావడం లేదు.”

“ఆ పిల్ల ముందరున్న గింజలు ఊడ్చినావా?”

“ఇంకా లేదండీ.”

“అయితే ఊడవబాక. చీపురు ఆ మూలన పెట్టు. ఆ పిల్ల లేచిందాకా పక్కన కూర్చో. లేచినాక ఏమీ చెప్పబాక. నీకు తోచినట్టు ఆ గింజలతో ఆడుకో.”

జవాబు అడిగితే చీపురొస్తుందని విన్నది గాని, ఉన్న చీపురు పోతుందని హైమావతి వినలేదు. వాదించే ఓపిక లేక వెళ్ళి కూర్చుంది. కొండమ్మ తలదగ్గర రెండు కుప్పలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదాన్ని లెక్కపెట్టింది. పదకొండు గింజలు. చూడబోతే అవీ చింతగింజలే, ఇవీ చింతగింజలే. కూర్చున్నచోటే ఆమెకి కునుకు పట్టింది.

కళ్ళు తెరిచేసరికి కొండమ్మ లేచి ఆమెనే చూస్తోంది. హైమావతి ఏమీ మాట్లాడకుండా చిన్న కుప్పలోంచి ఒక గింజ తీసి పెద్ద కుప్పలో వేసింది. కొండమ్మ దాన్ని వెతికి తీసి మళ్ళీ చిన్న కుప్పలో పెట్టింది. హైమావతికి కాస్త ఒళ్ళు మండింది. రెండు కుప్పలూ అరచేత్తో కలిపేసింది. పిల్ల ముసలమ్మలా ఒక నిట్టూర్పు విడిచి, ముందుకి జరిగి, ఒక్కో గింజా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ ఏరడం మొదలుపెట్టింది. ఏరడం అయ్యాక హైమావతి చిన్న కుప్ప లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ కలిపింది. కొండమ్మ మళ్ళీ ఏరింది. మళ్ళీ పదకొండే. అప్పటికి ఆమె నిద్రమత్తు వదిలింది.

“ఇవెందుకే తీసేశావు?” అంది, మాట్లాడవద్దన్న సంగతి మరిచిపోయి.

కొండమ్మ హైమావతి చెయ్యి లాక్కుని, వేళ్ళు విప్పి, వాటి మధ్య పెద్ద కుప్పలోని గింజ ఒకటి పెట్టింది. అది తీసేసి చిన్న కుప్పలోది పెట్టింది. పెట్టి మొహంలోకి చూసింది. హైమావతికి ఏమీ తెలియలేదు, తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది: ఇదీ, అదీ. మళ్ళీ తెలియలేదు. మళ్ళీ పెట్టింది. కసరలేదు, విసుక్కోలేదు, నవ్వలేదు. ఏడోసారో ఎనిమిదోసారో, ఎన్నోసారో హైమావతి లెక్కపెట్టుకోలేదు గాని, రెండో గింజ వేళ్ళ మధ్య ఎందుకో సరిగా ఆననట్టు తోచింది. చేతిలో ఉందా లేదా అన్నట్టు ఉంది.

“తేలిగ్గా ఉందా?” అంది.

“లోపలేం లేదు. పుచ్చుది,” అంది కొండమ్మ.

హైమావతి లేచి లోటాతో నీళ్ళు తెచ్చింది. పెద్ద కుప్పలోవి గుప్పెడు వేస్తే అన్నీ అడుక్కి పోయాయి. వాటిని తీసేసి చిన్న కుప్పలోవి ఒక్కొక్కటే వేసింది. ఒకటి తేలింది. రెండోదీ తేలింది. వరసగా పది తేలాయి. పదకొండోది మునిగింది. అది మునగ్గానే ఆమెకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది, నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాదులే అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. నెల్లాళ్ళ కిందట బడిలో గింజలు తక్కువ పడితే, ఇంట్లో అటక మీద రెండేళ్ళనుంచి పడి ఉన్న డబ్బా దులిపి తెచ్చి కలిపింది తనే. వాటిలో పురుగు తొలిచినవి ఎన్ని ఉన్నాయో చూడాలని అప్పుడు తోచలేదు. ముప్పైరెండు మంది పిల్లల్లో ఈ ఒక్కర్తికే తోచింది. పది పోస్తే ఏడు అని చెప్పినప్పుడు, అందులో మంచివి ఏడే ఉన్నాయి.

సిగ్గుతో హైమావతి మెడ వంగిపోయింది. కొండమ్మ మాత్రం నీళ్ళలో వేలు పెట్టి గింజల్ని తిప్పుతూ ఆడుకుంటోంది. తర్వాత హైమావతి నేల మీద సుద్దతో ‘అ’ రాసింది, ఈసారి మునిగిన గింజల్నే తుడిచి గుప్పెడు ఇచ్చింది. పిల్ల మొదటినుంచి చివరిదాకా పేర్చి, చివరి మలుపు దగ్గర ఒక గింజ వంకరగా ఉంటే సరిచేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

సాయంత్రం షెడ్లు వదిలాక ఆదెమ్మ వచ్చింది. పొద్దంతా ఆకు పట్టిన చేతులు జిగురుగా, నల్లగా ఉన్నాయి. వచ్చీ రాగానే, “ఏం రాసినారు టీచరమ్మా?” అని అడిగింది.

హైమావతి సూటిగా చూడలేక, “గింజలు చేత్తో నలిపి చూడడం ఎవరు నేర్పారు దీనికి?” అంది.

ఆదెమ్మ భయపడిపోయింది. “ఎవురూ నేర్పలేదమ్మా. ఆదివారం పూట నాతో షెడ్డుకొస్తది. నేను ఆకు నలిపి చూసి మంచిదీ చెడ్డదీ వేరుజేస్తంటే పక్కన కూర్చుని చూస్తది. ఇంటికాడ కూడా కందిపప్పు నలుపుద్ది, శెనగలు నలుపుద్ది. చెడ్డ అలవాటు. రెండు తగిలిస్తే మానుద్ది.”

“కొట్టబాకే,” అంది గోడ దగ్గర్నుంచి సౌభాగ్యమ్మగారు. “ఒకటి తప్పింది గానీ పది సరిగ్గానే ఏరింది. నువ్వు తప్పకుండా ఏరతన్నావా ఏంది?”

“నా మొహం, రోజుకి నాలుగాకులన్నా తప్పుద్దమ్మా,” అంది ఆదెమ్మ, ఏం మాట్లాడుకుంటున్నారో సగమే అర్థమై.

హైమావతి జాబితా తెచ్చి ఆమె ఎదుటే రెండో వరసలో పేరు కొట్టేసింది. మొదటి వరసలో అడుగున చోటు చాలక అక్షరాలు ఇరుకుగా వచ్చాయి. రాసింది చదివి వినిపిస్తే ఆదెమ్మ ఇంకేమీ అడగలేదు. “మరి చంటోణ్ణి ఏం జేసేది” అని తనలో తాను గొణుక్కుంటూ, కొంగుతో పిల్ల మొహం తుడిచి, చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. మోసేంత చిన్నపిల్ల కాదు, మోయగలిగేంత ఓపికా ఆ తల్లిలో లేదు. అయినా ఎత్తుకునే వెళ్ళింది.

వాకిలి ఖాళీ అయింది. హైమావతి లోటాలో నీళ్ళు పారబోసి వచ్చి, పెద్దావిడ పక్కన గోడకి ఆనుకుని కూలబడింది. కాళ్ళు లాగుతున్నాయి.

“మీకు ముందే తెలుసా అమ్మగారూ?”

“నాకేం తెలుసు? నడుం నొప్పితో ఉంటే నీ చీపురు చప్పుడు పడలా. అందుకని ఊడవద్దన్నా.”

అది నిజమో కాదో ఆ మొహం చూసి చెప్పడం కష్టం. ఊరుకుంటే హైమావతికి నిద్ర పట్టేలా ఉంది గాని, మనసు ఊరుకోనివ్వలేదు.

“మరి నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు. ఎన్నిసార్లు చెప్పాక మానేయొచ్చు?”

సౌభాగ్యమ్మగారు కళ్ళు మూసుకునే అంది:

“ఇరవై రోజులనుంచి మనకి పొద్దున మధ్యాన్నం ఏరి చూపిస్తానే ఉంది ఆ పిల్ల. నేనైతే మూడోరోజే మానేసేదాన్ని.”