తమలపాకు తోట కోడలు, ఉప్పుమళ్ళ అత్త

అనగనగా ఒక ఊళ్ళో... ఆగు, ఒక ఊరు కాదు, రెండు. కాళ్ళాడించకుండా పడుకో, చెప్తా. ఒకటి తమలపాకు తోటల ఊరు. ఆ తోటల్లో తీగలు గుబురుగా అల్లుకుని, ఎండ పొడ కూడా లోపలికి రాదు. పొద్దస్తమానం ఆ నీడలో ఆకులు కోసేవాళ్ళ మొహాలు తెల్లగా ఉండేవి. రెండోది సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ ఊరు. అక్కడ చెట్టూ లేదు, నీడా లేదు. అందరి మొహాలూ నల్లగా నిగనిగలాడేవి.

తోటల ఊళ్ళో నాంచారి అని ఒక పిల్ల. ఆ ఊళ్ళో దాన్ని మించిన చక్కని చుక్క లేదు. దాన్ని ఉప్పుమళ్ళ ఊళ్ళో పేరయ్యకిచ్చి చేశారు. పెళ్ళి పేరయ్య వాళ్ళింట్లోనే, అర్ధరాత్రి ముహూర్తం. పిల్ల తరఫువాళ్ళు తెల్లారకముందే బండ్లెక్కి వెళ్ళిపోయారు. పెళ్ళికూతురి మొహం నిండా పసుపాయె, ఇంక రంగు ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు పిల్ల మొహం కడుక్కుని వచ్చింది. అత్త అంకమ్మ గుండె జారిపోయింది.

"నా తల్లే, ఒంట్లో రక్తం చుక్క లేదే," అంది.

ఆ ఊళ్ళో మొహం తెల్లబడేది జబ్బు పడ్డవాళ్ళకే మరి. పాపం, అంకమ్మకి ఇంకేం తెలుసు?

అప్పుడు మొదలైంది వైద్యం. మొదట ఆముదం తాగించింది. నాంచారి మొహం వాడిపోయింది. ఆ తర్వాత వేపాకు రసం పోసింది. పిల్లకి తిండి సయించక ఇంకా పాలిపోయింది. ఆ తర్వాత గడప దాటనివ్వకుండా దుప్పటి కప్పి పడుకోబెట్టింది. ఇంక చూస్కో, అచ్చం పిండిబొమ్మలా తయారైంది.

"నాకేం జబ్బు లేదత్తా," అని నాంచారి మొత్తుకునేది.

"జబ్బున్నవాళ్ళంతా అలానే అంటారమ్మా," అనేది అంకమ్మ.

ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? రోగిష్టి పిల్లని అంటగట్టారన్నారు, పుట్టింట్లో దింపేసి రమ్మన్నారు. అది విని నాంచారి దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. అందరూ మెచ్చుకున్న మొహమే కాపురం కూల్చేట్టుంటే ఏడవదూ?

ఆ తర్వాత అంకమ్మ కోడల్ని బండెక్కించి తోటల ఊరికి బయల్దేరింది. జబ్బు దాచి పెళ్ళి చేస్తారా అని కడిగేద్దామని.

బండి దిగిందో లేదో, నాంచారి నాయనమ్మ ఎదురొచ్చింది. పెళ్ళికి రాలేని ముసలావిడలే. అంకమ్మ నోరు తెరవబోయింది.

"అయ్యో తల్లీ, మొహం ఇంతలా కాలిందేమిటి? పొయ్యి మీద పడ్డావా?" అంది ముసలావిడ.

పీట వేసి కూర్చోబెట్టి బుగ్గలకి వెన్న పూసింది. ఆ తర్వాత పక్కింటావిడ కలబంద గుజ్జు తెచ్చింది. ఆ తర్వాత ఇంకొకావిడ విసనకర్రతో విసరడం మొదలెట్టింది, మంట తగ్గిందా అని అడుగుతూ.

"నాకేం కాలలేదు, నా మొహమే ఇంత," అంది అంకమ్మ.

"నొప్పి పైకి చెప్పుకోదు, మంచి పిల్ల," అంది ముసలావిడ.

అప్పుడు అంకమ్మ చుట్టూ చూసింది. అన్నీ కోడలి లాంటి తెల్ల మొహాలే. ఆకుల గంపలు మోస్తున్నారు, పకపకా నవ్వుతున్నారు. ఒక్కరికీ ఏ జబ్బూ లేదు. అంకమ్మకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆ వెన్న మొహంతోనే కోడల్ని వాటేసుకుంది.

"నీకేం కాలేదే తల్లీ. పద, మనింటికి పోదాం," అంది.

అమ్మయ్య, నాంచారి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ మళ్ళీ బండెక్కారు. దారిలో నాంచారి మెల్లగా అడిగింది.

"అత్తా, నేను బాగుంటానా?"

అంకమ్మ అబద్ధమాడే మనిషి కాదు. కోడలి మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంకా అలవాటు కాలేదే. రోజూ చూస్తుంటే బాగుంటావులే. మరి నేనో?"

"నువ్వూ అంతే అత్తా," అంది నాంచారి.

ఇంటిదాకా ఇద్దరూ ఒకటే నవ్వు.

నలుపూ నవ్వింది, తెలుపూ నవ్వింది,
బండి వాకిట్లో ఆగింది,
కథేమో కంచి దారి పట్టింది,
మా బంగారానికి నిద్రొచ్చింది.