చిలుకకు కుట్టిన ఉన్ని అంగీ

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మంచుకొండల కింద రాజ్యం కాబట్టి అక్కడి చలి మన చలిలాంటిది కాదు, చెంబులో నీళ్ళు గడ్డకట్టే చలి. ఇంటిల్లిపాదికీ ఉన్ని అంగీలు రాణీగారు తన చేత్తోనే కుట్టేది. గొర్రెకు కత్తెర పెట్టేముందు మెడ నిమిరి, "ఇస్తావా తల్లీ?" అని అడిగేది. అది కదలకుండా నిలబడితే కత్తిరించేది, పక్కకు జరిగితే వదిలేసేది. "అడక్కుండా తీసిన ఉన్ని వెచ్చగా ఉండదు నాయనా" అనేది. చిన్నవాడు మణిధరుడు పక్కన కూర్చుని కుట్టు నేర్చుకుంటుంటే, "మా తమ్ముడు సూది పట్టుకుని యుద్ధానికి వెళ్తాడు" అని అన్నలిద్దరూ ఏడిపించేవారు.

ఒక ఏడాది, సప్తసముద్రాల అవతల ఉండే హిమకేతు అనే మాంత్రికుడు చాటింపు వేయించాడు. "నా చలి ఆపే అంగీ ఇచ్చినవాడికి సగం రాజ్యం!" పెద్దవాడు ఆశపడి వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. వాళ్ళకు బదులు ఒక మూట వచ్చింది. విప్పితే నల్లటి ఉన్ని అంగీ. "ఇదీ చల్లగానే ఉంది. ఇంకెవరైనా ఉంటే పంపండి" అని కబురు.

రాణి దాన్ని ముట్టుకుంది. మంచుముద్ద! ముక్కు దగ్గర పెట్టుకుని కెవ్వున అరిచింది. "ఒరే మణీ, ఇది మీ పెద్దన్న తలనూనె వాసనరా! నేను కాచిన నూనె!"

మణిధరుడు సూదుల పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడని అడక్కండి, చెబుతూ కూర్చుంటే నా గొంతు ఎండుతుంది. దాటాడు.

మాంత్రికుడి కోటలో మనిషన్నవాడు లేడు. వాకిలి నిండా గొర్రెలు. ఒక్కటీ అరవదు. అన్నీ తలెత్తి మనుషుల కళ్ళతో చూస్తున్నాయి. మెట్ల మీద హిమకేతు, ఒకదానిమీద ఒకటి ఏడు అంగీలు తొడుక్కుని కూర్చున్నాడు. వాడి పళ్ళు టకటకలాడే చప్పుడు కొండంతా వినబడుతోంది.

"రేపు పొద్దుగూకేలోగా కుట్టు. చలి ఆగకపోతే నువ్వూ ఈ మందలోకే" అని కత్తెర విసిరాడు.

మణిధరుడు మందలోకి వెళ్ళాడు. మొదటి గొర్రె నుదుట పెద్దన్న మచ్చ. రెండోది రెండో అన్నలా కుంటుతూ వచ్చింది. ఇద్దరి ఒంటిమీదా పోగు ఉన్ని లేదు, చర్మం నీలంగా ఉంది. వాళ్ళ మెడలు కావలించుకుని భోరుమన్నాడు. మూడో గొర్రెకు మాత్రం ఉన్ని మళ్ళీ పెరిగింది. దాని మెడ నిమిరి, "ఇస్తావా తల్లీ?" అన్నాడు.

గొర్రె ఆడపిల్ల గొంతుతో మాట్లాడింది. "ఇన్నేళ్ళలో నన్నడిగింది నువ్వొక్కడివే. నేను కువలయను, ఒక రాజు కూతుర్ని. వాడు తన ప్రాణాన్ని చిలుకలో పెట్టి, కొండకొమ్మున మంచుగుహలో దాచాడు. ఆ రోజు నుంచే వాడికి ఈ వణుకు. చలి చిలుకది. ఆ సంగతి వాడికి తట్టనే లేదు."

"అయితే దాని మెడ నులిమేస్తాను!"

"వాడు చస్తే మా శాపం విప్పేదెవరు? ఆ మంత్రం వాడొక్కడికే తెలుసు. ఇంద, ఉన్ని తీసుకో."

ఆ ఉన్నిని రుద్ది, ఒత్తి, గుడ్డ చేసి, గుప్పెడంత అంగీ కత్తిరించుకుని మణిధరుడు గుహకు ఎక్కాడు. ఇనుప పంజరంలో ఈకలన్నీ రాలిపోయిన చిలుక.

"చంపడానికొచ్చావా?" అంది. అచ్చం హిమకేతు గొంతు!

"కాదు, తొడగడానికి" అని చిలుకకు అంగీ తొడిగి, దాని ఒంటిమీదే కుట్టసాగాడు. కుడుతున్నకొద్దీ వణుకు తగ్గింది. కింద కోటలో పళ్ళ చప్పుడు టక్కున ఆగిపోయింది.

మరుక్షణం హిమకేతు చెమటలు కక్కుతూ వచ్చిపడ్డాడు. "ఏం చేశావురా?"

"కొస ముడి వెయ్యలేదు. దారం నా చేతిలో ఉంది. లాగానంటే కుట్టంతా ఊడొస్తుంది. అందర్నీ మనుషుల్ని చెయ్యి, ముడి వేస్తాను."

మాంత్రికుడు దారం వంక చూశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "లాగకు నాయనా, లాగకు!" అంటూ మంత్రం చదివేశాడు.

చదవగానే కింద వాకిట్లో గొర్రెలన్నీ మనుషులైపోయాయి, వాడి ఒంటిమీది ఏడు అంగీలూ వెంట్రుకలైపోయాయి! నల్లవి, నెరిసినవి, పసిపిల్లల ఉంగరాల జుట్టు, అన్నీ జారి కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. చిలుక అంగీ కూడా జుట్టే అయింది, కానీ చల్లబడలేదు. మణిధరుడు మాట ప్రకారం ముడి వేశాడు. హిమకేతు పంజరం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూశాడు. ఆ వెచ్చదనంలో ఎన్నాళ్ళు నిద్రపోయాడో, చూసొచ్చినవాళ్ళు లేరు.

అన్నదమ్ములు కువలయను వెంటబెట్టుకుని ఇల్లు చేరారు. మణిధరుడితో పెళ్ళి కుదిరింది. కువలయ తల మాత్రం నున్నగా ఉంది. అంతఃపురం ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. "జడ లేని పెళ్ళికూతురా! పూలెక్కడ పెట్టమంటారమ్మా?"

రాణి విసురుగా వచ్చి, మల్లెల బుట్ట అందుకుని, ఆ నున్నటి తలమీద మొత్తం కుమ్మరించింది. ఆ తలను గుండెలకు హత్తుకుని బావురుమంది. "జుట్టుదేముందే, మళ్ళీ మొలుస్తుంది. నా కొడుకులు మొలుస్తారా?"

పెళ్ళి ఘనంగా జరిగింది. కువలయ జడ మోకాళ్ళు దాటేదాకా పెరిగింది. ఆ జడ ముగ్గుబుట్టయ్యేదాకా ఆ ఇద్దరూ రాజ్యం చేశారు.