బిరుదుకు తగ్గ రాయి

దొరల ఏలుబడి రోజుల్లో ఒకానొక సంస్థానాన్ని ముకుంద భూపతి ఏలుతుండేవాడు. పాలన సంగతి ఎలా ఉన్నా, ఆయనకు బిరుదుల మీద మోజు జాస్తి. రోజూ సభలో ముసలి భట్రాజు అచ్యుతరాజు బిరుదులన్నీ చదివితేగాని గద్దె మీద కూర్చునేవాడు కాడు.

ఒకనాడు ఓ పాత ఇంగ్లీషు పుస్తకంలో ఆయనకు "ప్యూయిసంట్" అనే విశేషణం కనబడింది. మహా బలసంపన్నుడని అర్థం. పూర్వం ఆ దేశపు రాజుల పేర్లకు ముందు తగిలించేవారట.

"ఇకమీదట అది నా పేరుకు ముందుండాలి. ఆలస్యం పనికిరాదు," అన్నాడు రాజు.

మర్నాడు అచ్యుతరాజు గొంతు సవరించుకున్నాడు. పాపం, ముందుపళ్లు ఏనాడో రాలిపోయాయి. "ప్యూ..." దాకా వచ్చి మిగతాది గాలిగా పోయింది. సభ గొల్లుమంది.

రాజు మండిపడ్డాడు. "రేపు సరిగ్గా పలకకపోతే నీ మాన్యం లాగేసుకుంటాను!"

ఆ మాన్యమే ముసలాయన ఇంటిల్లిపాదికీ తిండి. తిన్నగా వెళ్లి, రాజుగారిని నవ్వించే కొలువులో ఉన్న భీమన్న గుమ్మంలో కూలబడ్డాడు.

"ఇప్పుడు పళ్లెక్కడ తేను నాయనా?"

"పళ్లతో పనేముంది తాతా? రేపు వచ్చి ఊరికే నిలబడు. మాట్లాడే పని నాది."

మర్నాడు రాజు గద్దె ముందు నిలబడ్డాడో లేదో, భీమన్న ఒక రాతిపనివాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు దారం తీసి రాజుగారిని తలపాగా నుంచి చెప్పుల దాకా కొలిచాడు.

"ఏమిటిది భీమన్నా? అంగరఖా కుట్టిస్తున్నావా?"

"కాదు మహాప్రభూ, తమ కొత్త బిరుదుకు రాయి చెక్కిస్తున్నాను."

"బిరుదుకు రాయెందుకయ్యా?"

"దొరల దేశం చూసొచ్చిన దుబాసీని అడిగాను ప్రభూ. ఆ మాట ఒకప్పుడు నిండు సభల్లో మోగేదట. ఇప్పుడు బతికున్న రాజును అలా పిలిచేవాళ్లే లేరట. పాత రాజుల సమాధుల మీద చూసుకోవాల్సిందేనట. తమరేమో ఆలస్యం పనికిరాదన్నారు..."

రాతిపనివాడు వినయంగా చేతులు కట్టుకున్నాడు. "ఒక్కసారి పడుకోండి బాబయ్యా, కొలత సరిగ్గా వస్తుంది."

రాజు ఉలిక్కిపడి, బిరుదులు చదవకముందే గద్దె మీద కూలబడ్డాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ మాటను ఆ రాళ్ల మీదే ఉండనివ్వండి! అచ్యుతరాజూ, నీ మాన్యం నీదే, నీ తర్వాత నీ పిల్లలదే."

తన శాలువా తీసి భీమన్న భుజాన కప్పాడు.

"మరి ఆ రాయి ప్రభూ?"

"వంటశాలకు పంపు. పప్పు రుబ్బుకుంటారు."

అచ్యుతరాజు బోసినోటితో పాత బిరుదులు అందుకున్నాడు. రాజు మళ్లీ లేచి నిలబడి మరీ విన్నాడు.