హైమావతి మీట నొక్కిన వ్రత కథ

ఒకప్పుడు శాండిల్యుడు జాబాలిముని ఆశ్రమమునకు వచ్చి, "మునీంద్రా! కలియుగమున జనులు పొలములమ్మి బిడ్డలను ప్రైవేటు కళాశాలలలో చేర్చుచున్నారు. ఆ చదువు ఆ వెలకు తగునో తగదో తెలియజేయు వ్రతము కలదా?" అని అడిగెను. జాబాలి ఇట్లు చెప్పెను.

కొండ్రపాడున కోటిలింగమను రైతు కలడు. అతడు ఒక ఎకరమమ్మి కొడుకు శ్రీహరిని అద్దాలమేడ వంటి ఇంజనీరింగు కళాశాలలో చేర్చెను. ఏమి నేర్పుచున్నారని తండ్రి అడుగలేదు, కొడుకు చెప్పలేదు. పట్టా వచ్చెను. కర్మాగారమువారు శ్రీహరిని ఇనుము చెక్కు లేతు యంత్రము ముందు నిలిపిరి. మీట ఎక్కడున్నదో ఎరుగక అతడు తలవంచుకొని ఇల్లు చేరెను. అడుగనివారి గతి ఇట్లుండును.

అయినను కోటిలింగము కూతురు హైమావతిని అచ్చటనే చేర్చి, రెండవ ఏటి ఫీజుకై మిగిలిన ఎకరమునకు బయానా పుచ్చుకొనెను. అదియు పోయినచో ఆ ఇంట తిండిగింజ ఉండదు. కళాశాలలోని లేతు యంత్రమునకు దసరాకు బొట్టు పెట్టి ముసుగు వేయుటయే కాని, దానినుండి ఇనుపరజను రాలగా హైమావతి ఏనాడును చూడలేదు.

ఆయుధపూజ నాడు తల్లిదండ్రులు ఫీజు సంచులతో వచ్చి కూర్చుండిరి. కరస్పాండెంటు హారతి ఇచ్చుచుండగా హైమావతి లేచి యంత్రముపై దండ తీసివేసెను.

"ఏయ్ పిల్లా! పూజలో పూలు తీస్తావా? అపచారం! కళ్ళు పోతాయి!" అని కరస్పాండెంటు గద్దించెను.

"కళ్ళు మూసుకుంటే పొలాలు పోతున్నాయి సార్. ఒక్కసారి తిప్పి చూపించండి."

"పరువు తియ్యకే హైమా," అని కోటిలింగము బతిమాలెను.

"పరువు పోతే మళ్ళీ వస్తది, పొలం రాదు నాన్నా," అని ఆమె మీట నొక్కెను.

యంత్రము కదలలేదు. తండ్రితో వచ్చిన శ్రీహరి వంగి యంత్రము వెనుకకు చూచెను. గోడనుండి యంత్రమునకు కరెంటు తీగయే లేదు!

"వైరు రేపు వేయిస్తాం," అనెను కరస్పాండెంటు.

"అయితే ఫీజు ఎల్లుండి కడతాంలే," అని వెనుక వరుసలో ఒక తల్లి కొంగు బిగించెను. అందరును సంచులు చంకనబెట్టి లేచిరి.

కోటిలింగము బయానా తిరిగి ఇచ్చివేసెను. హైమావతి తన సర్టిఫికెట్లకై ఆఫీసు గుమ్మమున బైఠాయించెను. పోలీసులను పిలుతుమనిరి, పిలువుడనెను. అవి చేతబడిన పిదపనే లేచి ప్రభుత్వ కళాశాలలో చేరెను. అచ్చట బల్లలు విరిగినవే, కాని యంత్రము తిరుగును. శ్రీహరి ఒక షెడ్డులో పనికి కుదిరి మీట మొదలు నేర్చుకొనెను. అమ్మిన ఎకరము రాలేదు. ఉన్న ఎకరము పోలేదు.

కావున ఈ వ్రతమును ఫీజు కట్టబోవువారు, కళాశాలలో చేరబోవువారు, ముఖ్యముగా కట్టిన పిదప నోరు కుట్టుకొన్నవారు ఆచరింపవలెను. తిథి వారములు చూడనక్కరలేదు. పాఠము జరుగు దినమే శుభదినము, మీట నొక్కి చూచుటయే పూజ. యంత్రము తిరిగినచో ఆ చదువు వెలకు తగును, సంతోషముగా చెల్లింపుడు. తిరుగనిచో లేచి వెడలుడు. భూమి నిలుచును, విద్య అబ్బును. అపచారమని ఎవరైన బెదిరించినచో, ఆ అపచారము ఇంటిల్లిపాదియు నెత్తిన పెట్టుకొంటిమని చెప్పి, అక్షతలు తలపై వేసికొనుడు.